ఉద్యోగీ కాదు, వ్యాపారీ కాదు: హ్యారీ ఆర్థర్స్ పట్టుకున్న చిక్కు

అందరికీ నమస్కారం. లా స్కూల్ డీన్ గురించి ప్రసంగం కదా, పదవుల జాబితా చదువుతాననుకోకండి. కెనడాకు చెందిన హ్యారీ ఆర్థర్స్ 1965లో రాసిన ఒక వ్యాసం ఉంది, నేను ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

సొంత లారీ ఉన్న డ్రైవర్ని తీసుకోండి. లారీ అతనిది, డీజిల్ ఖర్చు అతనిది, రిపేరొస్తే జేబులోంచి పెట్టుకోవాల్సిందీ అతనే. కానీ సరుకు ఇచ్చేది ఒకే కంపెనీ, రేటు చెప్పేదీ ఆ కంపెనీయే, రేపట్నుంచి రావద్దంటే అతనికి వేరే దారి లేదు. అప్పటి చట్టం మాత్రం అతన్ని వ్యాపారి అనేది. వ్యాపారికి యూనియన్ రక్షణ ఉండేది కాదు, పైగా అలాంటి డ్రైవర్లు నలుగురు కలిసి ఈ రేటు చాలదంటే, వ్యాపారులు కుమ్మక్కయ్యారని పోటీ చట్టం కింద కేసు పడే ప్రమాదం కూడా ఉండేది! ఇంత అన్యాయం కళ్లెదుటే జరుగుతుంటే లేబర్ లా పుస్తకాలు పట్టించుకోలేదు. ఆర్థర్స్ పట్టించుకున్నారు. వీళ్లు డిపెండెంట్ కాంట్రాక్టర్లని, అంటే పేరుకి వ్యాపారులైనా ఒకే కంపెనీ మీద ఆధారపడి బతికేవాళ్లని, వీళ్లకీ కలిసి బేరమాడే హక్కు ఉండాలని వాదించారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్లు. 1975లో అంటారియో రాష్ట్రం ఆ వర్గాన్ని తన లేబర్ రిలేషన్స్ చట్టంలో చేర్చింది.

ఆర్థర్స్ 1972 నుంచి 1977 వరకు టొరంటోలోని ఓస్‌గుడ్ హాల్ లా స్కూల్ డీన్, తర్వాత యార్క్ యూనివర్సిటీ ప్రెసిడెంట్. లా స్కూళ్లు లాయర్లని తయారుచేసే పనిలో పడి, చట్టం జనం బతుకుల్లో ఎలా పనిచేస్తోందన్న పరిశోధనని వదిలేశాయని 1983లో ఆయన నాయకత్వంలోని బృందం నివేదిక ఇచ్చింది. డీన్‌గా చేసిన మనిషే ఈ మాట అనడం నాకు చాలా నచ్చింది.

2006లో కెనడా కేంద్ర ప్రభుత్వానికిచ్చిన నివేదికలో ఇంకో మాట చెప్పారు. బతకడానికి చాలని జీతం, అవమానం, అనవసరమైన ప్రమాదం ఏ కార్మికుడికీ ఉండకూడదు సరే, సొంత జీవితమూ పౌరుడిగా జీవితమూ మిగలనన్ని గంటలు కూడా ఎవరితోనూ పని చేయించకూడదట. పని గంటల్ని పౌరసత్వంతో ముడిపెట్టడం ఎంత లోతైన ఆలోచనో చూడండి.

మళ్లీ ఆ లారీ డ్రైవర్ దగ్గరికే వద్దాం. ఫుడోరా అనే ఫుడ్ డెలివరీ కంపెనీ కొరియర్లు అంటారియో లేబర్ బోర్డు ముందుకి వచ్చారు. సైకిల్ వాళ్లది, ఫోన్ వాళ్లది, పనిని నడిపించే యాప్ మాత్రం కంపెనీది. వీళ్లు డిపెండెంట్ కాంట్రాక్టర్లేనని 2020 ఫిబ్రవరిలో బోర్డు తేల్చింది. యూనియన్ కావాలా వద్దా అని అంతకుముందు ఏడాది వేసి సీలు చేసి ఉంచిన ఓట్లు జూన్‌లో లెక్కపెడితే దాదాపు 90 శాతం యూనియన్‌కే పడ్డాయి. కానీ మేలోనే కంపెనీ కెనడాలో దుకాణం కట్టేసింది.

నన్ను కలచివేసేది ఇదే. హక్కు గెలిచారు, బేరమాడటానికి ఎదురుగా యజమాని లేడు. తర్వాతి దశాబ్దాల్లో ఆర్థర్స్ రాసినవాటిలో ఈ బెంగే ఉంటుంది: పెట్టుబడి సరిహద్దులు దాటిపోతుంటే ఒక్క దేశపు కార్మిక చట్టం దాన్ని ఎంతవరకు పట్టుకోగలదు అని. దీనికి ఆయన దగ్గరా తేలికైన జవాబు లేదు.