లెట్ అంటే వదలడమా, ఆపడమా?

హామ్లెట్ నాటకం, మొదటి అంకం, నాలుగో రంగం. తండ్రి దయ్యం రమ్మని సైగ చేస్తోంది. వెళ్లొద్దని పక్కనున్నవాళ్లు పట్టుకుంటే హామ్లెట్ విదిలించుకుంటూ, 'నన్ను లెట్ చేసినవాణ్ని దయ్యాన్ని చేసేస్తా' అంటాడు. పోనిచ్చినవాణ్ని చంపడమేంటి? కాదు, ఆ లెట్‌కి అర్థం అడ్డుకోవడం.

ఒకే క్రియ అర్థం తలకిందులైందని చాలామంది చెప్పేస్తుంటారు. తప్పు. పాత ఇంగ్లిష్‌లో ఇవి రెండు క్రియలు. ల్యాటన్ అంటే వదలడం, పోనివ్వడం. లెట్టన్ అంటే అడ్డుకోవడం. ఒకదాంట్లో దీర్ఘం, రెండోదాంట్లో టకారానికి ద్విత్వం. ద్విత్వాలు అలవాటైన మన చెవికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. లెట్టన్ పుట్టింది 'నెమ్మది' అనే అర్థమున్న ల్యాట్ నుంచి. ఇవాళ్టి లేట్ అదే. 'అందరికంటే లేట్' అనే రూపం కుదించుకుపోయి లాస్ట్ అయింది. ఎవరినైనా లేట్ చేయిస్తే అడ్డుకున్నట్టేగా! ఇంకా లోతుకు పోతే రెండు క్రియలకూ మూలం 'సడలడం' అనే ఒకే ధాతువు.

తర్వాత పదాల చివరి అక్షరాలు రాలిపోయాయి, ద్విత్వం పోయింది, దీర్ఘం హ్రస్వమైంది. మిగిలింది ఒకే లెట్, దానికి రెండు ఎదురెదురు అర్థాలు. హిండర్, ప్రివెంట్ లాంటి మాటలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి అడ్డుకునే లెట్ మెల్లగా తప్పుకుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో మాత్రం ఇంకా ఉంది. రెండో థెస్సలొనీకయుల పత్రిక 2:7 చూడండి. తెలుగు బైబిల్లో అదే చోట 'అడ్డగించుచున్నవాడు' అని ఉంటుంది.

పాత పుస్తకం చదివేటప్పుడు లెట్ తర్వాత ఏముందో చూడండి. 'లెట్ మి గో'లోలాగా టు లేకుండా ఇంకో క్రియ వస్తే దాదాపుగా అది అనుమతే. కర్మ దగ్గరే వాక్యం ఆగిపోతే, లేదా ఫ్రమ్ వస్తే, అడ్డు అని అనుమానించండి. హామ్లెట్ వాక్యం కర్మ దగ్గరే ఆగింది.

మన గేట్ల మీది టు-లెట్ బోర్డు ల్యాటన్ సంతతి: ఇల్లు ఇంకొకరి వాడకానికి వదలడం. భారత పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉండే 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' మాత్రం లెట్టన్ సంతతి. అక్కడ లెట్‌ని అనుమతి అనుకుంటే 'అనుమతి లేకుండా పోనివ్వండి' అని అర్థమొస్తుంది, కొంప మునుగుతుంది!

టెన్నిస్ లెట్ కూడా ఇదే. సర్వీస్ నెట్‌కి తగిలి సరైన గడిలో పడితే లెట్ అంటారు కాబట్టి, నెట్ అనే మాటే అలా మారిందనుకుంటారు. కానీ పక్క కోర్టు బంతి దొర్లుకొచ్చి ఆట ఆగినా అంపైర్ లెట్ అనే అంటాడు. అక్కడ నెట్ ప్రసక్తే లేదు.