విదేశీ ప్లేయర్‌ని ఏ పొజిషన్‌లో తీసుకోవాలి? నా ఓటు నాలుగో నంబర్‌కే (పవర్ ఫార్వర్డ్‌కి)

నమస్కారం అండీ. ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ క్లబ్‌కి మీరే మేనేజర్ అనుకోండి. లీగ్ రూల్ ప్రకారం కోర్టు మీద ఒక్క విదేశీ ప్లేయరే ఉండాలి, మిగతా నలుగురూ లోకల్ వాళ్లే. డబ్బు ఉంది, ఏజెంట్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఎవర్ని తెస్తారు? బంతి నడిపే పాయింట్ గార్డ్‌నా, రింగ్ కింద నిలబడే సెంటర్‌నా, లేక మధ్యలో ఎవరినైనానా?

ఎవర్ని అడిగినా ముందు నోటికొచ్చే మాట సెంటర్. అందులో తప్పేం లేదు. షూటింగ్ నేర్పొచ్చు, డ్రిబ్లింగ్ నేర్పొచ్చు, ఎత్తు మాత్రం ఏ కోచ్ వల్లా కాదు. పైగా ఇంకో సౌకర్యం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. విదేశీ ప్లేయర్ చాలాసార్లు సీజన్ మొదలయ్యే ముందు హడావుడిగా దిగుతాడు. ఒక్కోసారి సీజన్ మధ్యలో, గాయపడ్డ ఇంకొకరి బదులు వస్తాడు. సెంటర్‌కి చెప్పాల్సింది తక్కువ: స్క్రీన్ పెట్టు (మనవాడిని కాసేవాడికి అడ్డు నిలబడు), రింగ్ వైపు తిరుగు, రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బంతి) వదలకు. అదే పాయింట్ గార్డ్ అయితే టీమ్ ప్లేలన్నీ బట్టీ పట్టాలి, ఎవరికి ఏ మూల నుంచి షాట్ పడుతుందో తెలుసుకోవాలి, కోచ్ చెయ్యి ఊపితే దాని అర్థం ఏంటో పట్టుకోవాలి. భాష రాని చోట ఇవన్నీ రెండు వారాల్లో అంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఈ ఎత్తు విషయంలో లీగ్‌లు ఎంత దూరం వెళ్లాయో చెప్పడానికి కొరియా ఒక్కటి చాలు. అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ కేబీఎల్ 2018-19 సీజన్‌కి ఒక రూల్ పెట్టింది. ప్రతి టీమ్ తీసుకునే ఇద్దరు విదేశీయుల్లో ఒకరు 200 సెంటీమీటర్లు దాటకూడదు, రెండోవాడు 186 దాటకూడదు. అంతకుముందు సీజన్‌లో అందరికంటే ఎక్కువ స్కోర్ చేసిన డేవిడ్ సైమన్‌ని కొలిస్తే 202.1 వచ్చింది. అంతే, ఇంటికి. రెండు సెంటీమీటర్లకి ఉద్యోగం పోయింది! చార్లెస్ రోడ్స్ అనే ఇంకో ప్లేయర్‌ని కొలిస్తే 199.2. ఆయన ఆనందానికి హద్దుల్లేవు. పొట్టిగా ఉన్నందుకు సంబరపడ్డ బాస్కెట్‌బాల్ ప్లేయర్‌ని నేను ఇంకెక్కడా చూడలేదు. నవ్వులపాలయ్యాక, తర్వాతి సీజన్‌కి ఆ ఎత్తు పరిమితి తీసేశారు.

సరే, సెంటర్ అంత ముద్దయితే మరి ఇబ్బంది ఎక్కడ? మ్యాచ్ చివరి రెండు నిమిషాలు చూడండి. సెంటర్ తనంతట తాను బంతి తెచ్చుకోలేడు, ఎవరో ఒకరు అందించాలి. ప్రత్యర్థులకి ఈ సంగతి తెలుసు. లోకల్ గార్డ్ మీద ప్రెషర్ పెడతారు, సెంటర్ ముందు ఒకణ్ణి, వెనక ఇంకొకణ్ణి నిలబెడతారు. టీమ్‌లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే మనిషి రింగ్ దగ్గర చేతులెత్తి బంతి కోసం చూస్తూ ఉండిపోతాడు, షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చిన గడువు) అయిపోతుంది. దానికి తోడు ఫౌల్స్ బెడద, లెక్క మించితే మ్యాచ్ నుంచి బయటికే. రింగ్‌కి కాపలా కాసేవాడికి మూడో ఫౌల్ హాఫ్‌టైమ్‌లోపే పడిందంటే కోచ్‌కి టెన్షన్ మొదలైనట్టే.

అందుకే బంతి వాడి చేతిలోనే ఉండాలి, గార్డ్‌ని తెద్దాం అంటారు రెండో వర్గం. వీళ్లకి పెద్ద ఉదాహరణ చైనా లీగ్ సీబీఏలో స్టెఫాన్ మార్బరీ. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో పని అయిపోయింది అనుకున్నాక 2010లో చైనా వెళ్లాడు. ఆ తర్వాత బీజింగ్ టీమ్‌కి 2012, 2014, 2015లో మూడు టైటిళ్లు తెచ్చాడు. అక్కడ ఆయనకి విగ్రహం కూడా పెట్టారు. దీని వెనక రూల్ ఒకటుంది. సీబీఏలో చాలా కాలం ఒక్కో టీమ్‌కి ఇద్దరు విదేశీయులు, కానీ చివరి క్వార్టర్‌లో ఒక్కరే ఆడాలి. పది నిమిషాలు కాదు, పన్నెండు నిమిషాల క్వార్టర్ అది. మరి ఆ ఒక్కడు ఎవరు? చాలా మంది కోచ్‌లు గార్డ్‌నే ఉంచారు. ఏడున్నర అడుగుల యావో మింగ్‌ని కన్న దేశంలో ఎత్తైన లోకల్స్‌కి కొదవ లేదు కదా.

కానీ గార్డ్ కథకి రెండో వైపు కూడా ఉంది. షాంఘై తరఫున ఆడిన జిమ్మర్ ఫ్రెడెట్ 2017లో ఒక మ్యాచ్‌లో 73 పాయింట్లు కొట్టాడు. 2018లో మరోసారి 75. హైలైట్స్ వీడియోలకి పండగే. రెండు మ్యాచ్‌లూ టీమ్ ఓడింది. తప్పంతా ఆయన మీద వేయడం న్యాయం కాదు, ఆయన లేకపోతే ఇంకా ఘోరంగా ఓడేవాళ్లేమో. నా అభ్యంతరం వేరే. ప్రతి పొజెషన్‌లో (టీమ్‌కి బంతి దక్కిన ప్రతిసారీ) బంతి ఒకే మనిషి దగ్గర ఉంటే మిగతా నలుగురూ మూలల్లో నిలబడి చూడటం అలవాటు చేసుకుంటారు. ఆ మనిషికి చీలమండ మెలికపడిన రోజు ఆట ఎలా మొదలుపెట్టాలో కూడా ఎవరికీ తోచదు.

ఇక్కడ లోకల్ ప్లేయర్ల సంగతి రాకుండా ఈ చర్చ సాగదు. జపాన్‌ని చూడండి. 2016లో మొదలైన అక్కడి బీ లీగ్‌లో టీమ్‌లు ఎక్కువగా విదేశీ సెంటర్లనీ, వాళ్ల పక్కన ఆడే పవర్ ఫార్వర్డ్‌లనీ తెచ్చుకున్నాయి. గార్డ్ స్థానాలు లోకల్ వాళ్లకి మిగిలాయి. ఫలితం? 167 సెంటీమీటర్ల యూకీ తొగాషి లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. యూకీ కవమురా ఎన్‌బీఏ దాకా వెళ్లాడు. చురుకైన గార్డ్‌లకి లోటు లేదు, జాతీయ జట్టుకి రింగ్ కింద మాత్రం వెలితి. అందుకే ముందు నిక్ ఫజెకస్‌కి, తర్వాత జోష్ హాకిన్సన్‌కి పౌరసత్వం ఇచ్చి ఆడించారు. 2023 వరల్డ్ కప్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి పారిస్ ఒలింపిక్స్ బెర్త్ పట్టిన జపాన్ జట్టులో హాకిన్సనే కీలకం. చైనాది సరిగ్గా తిరగేసిన కథ. పొడుగువాళ్లు బోలెడుమంది, ఒత్తిడిలో బంతి నడిపేవాళ్లు తక్కువ. లీగ్‌లో ఏ పొజిషన్ విదేశీయులకి రాసిచ్చేస్తే, ఆ పొజిషన్‌లో లోకల్ కుర్రాడికి ఆడే నిమిషాలు దొరకవు. ఇది క్లబ్ మేనేజర్ బాధ కాదు, నిజమే. ఫెడరేషన్ బాధ. కానీ రూల్స్ రాసేది వాళ్లే.

మరి నా ఓటు? నాలుగో నంబర్. పవర్ ఫార్వర్డ్. ఇంకాస్త సూటిగా చెప్పాలంటే, 198 నుంచి 203 సెంటీమీటర్ల మధ్య ఉండి, పాస్ చేయడం వచ్చిన ఫార్వర్డ్.

మొదటి కారణం మార్కెట్. నిజంగా ఏడడుగులుండి, పరిగెత్తగల సెంటర్‌ని ఎన్‌బీఏ వదలదు. వదిలితే యూరప్ పట్టుకుంటుంది. మధ్యస్థాయి లీగ్ దాకా వచ్చేసరికి మిగిలేది మోకాలికి పట్టీ వేసుకున్నవాళ్లే. అదే ఈ 198, 200 సెంటీమీటర్ల ఫార్వర్డ్‌లని ఎన్‌బీఏ "పెద్దవాళ్లని కాయడానికి పొట్టి, చిన్నవాళ్లని కాయడానికి నెమ్మది" అని పక్కన పెడుతుంది. అక్కడ లోపం అనిపించుకున్నదే వేరే లీగ్‌లో వరం. లోకల్ సెంటర్‌ని బలంతో ఆపగలడు, లోకల్ వింగ్‌ని (పక్కల్లో ఆడేవాణ్ణి) పై నుంచి షూట్ చేసి కొట్టగలడు.

రెండోది, బంతి అందడం. వీడికి రింగ్ దగ్గరికి ఎవరూ బంతి మోసుకెళ్లక్కర్లేదు. త్రీ పాయింట్ లైన్ దగ్గరో, ఫ్రీ త్రో లైన్ చివరో నిలబడి తీసుకుంటాడు. డబుల్ టీమ్ (ఒకరి మీదకి ఇద్దరు) వస్తే ఖాళీగా ఉన్నవాడు కళ్లెదురుగానే కనిపిస్తాడు. ప్రత్యర్థులు ప్రెస్ వేస్తే (కోర్టంతా వెంటబడి కాస్తే) అవసరమైతే తనే బంతి పైకి తెస్తాడు. లోకల్ గార్డ్ గార్డ్‌గానే ఉంటాడు, లోకల్ సెంటర్ సెంటర్‌గానే ఉంటాడు.

దీనికి నాకు కనిపించే చక్కటి ఉదాహరణ ఫిలిప్పీన్స్ లీగ్ పీబీఏలో జస్టిన్ బ్రౌన్లీ. ఎత్తు ఆరడుగుల అయిదారంగుళాలు. ఎన్‌బీఏలో ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2016లో బరంగాయ్ హినెబ్రా టీమ్‌లో గాయపడ్డ పాల్ హారిస్ బదులు దిగాడు. ఆ ఏడాది అక్టోబర్ 19న గవర్నర్స్ కప్ ఫైనల్ ఆరో మ్యాచ్. స్కోరు 88-88. చివరి బంతి బ్రౌన్లీకి, ఎదురుగా మెరాల్కో టీమ్ విదేశీ ప్లేయర్ అలెన్ డరమ్, ఆ టోర్నీ బెస్ట్ ఇంపోర్ట్ (ఉత్తమ విదేశీ ప్లేయర్). డరమ్ ఒళ్లంతా బలమే, లోపలికి వస్తే నలిపేస్తాడు. బ్రౌన్లీ లోపలికి వెళ్లలేదు. లైన్ బయటే ఆగి, అతని చేతి మీదుగా త్రీ వేశాడు. బజర్ మోగింది, బంతి పడింది, 91-88. ఎనిమిదేళ్లుగా టైటిల్ లేని హినెబ్రా గెలిచింది. ఆ స్థానంలో మామూలు సెంటర్ ఉంటే ఆ షాట్ అతని చేతికి వచ్చేదే కాదు.

తర్వాత బ్రౌన్లీ ఫిలిప్పీన్స్ పౌరసత్వం తీసుకున్నాడు. 2023 ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో చైనాని చైనాలోనే 77-76తో ఓడించడంలో ఆయన చివరి షాట్లే దిక్కయ్యాయి. ఆ దేశానికి 1962 తర్వాత మళ్లీ బాస్కెట్‌బాల్ స్వర్ణం వచ్చింది.

"మరి యూరప్‌లో కైల్ హైన్స్ సెంటరే కదా" అని అడుగుతారు. పేరుకి సెంటరే. 198 సెంటీమీటర్లతో నాలుగు యూరోలీగ్ టైటిళ్లు గెలిచాడు. స్విచ్ అయితే (కాసే మనిషి మారితే) గార్డ్‌ని కూడా కాయగలగడమే ఆయన సొత్తు. అంటే నేను చెప్తున్న మనిషే, జెర్సీ మీద పొజిషన్ వేరు.

షూటింగ్ గార్డ్ గురించి ఒక్క ముక్క: ఒకే ఒక్క విదేశీ స్థానం ఉంటే వద్దు. షూటర్‌ని ఎవరో ఒకరు ఖాళీ చేయించాలి, ఆ పని చేసేవాడు టీమ్‌లో ఉంటే మీకు ఈ ప్రశ్నే రాదు. స్మాల్ ఫార్వర్డ్ ఫర్వాలేదు, కానీ రీబౌండ్ పట్టేవాడైతేనే.

నా ఓటు మారే సందర్భం ఒకటుంది. పీబీఏలోనే శాన్ మిగెల్‌కి 208 సెంటీమీటర్ల జూన్ మార్ ఫహార్డో ఉన్నాడు, వరసగా ఆరుసార్లు ఎంవీపీ. అంతటి లోకల్ సెంటర్ చుట్టూ స్థలం ఖాళీ చేయాలంటే దూరం నుంచి కొట్టే, బంతి నడిపే విదేశీయుడే కావాలి. పెయింట్ ఏరియాలో (రింగ్ కింది చోట్లో) ఇంకొకణ్ణి దింపితే ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటారు. అలాగే ఇద్దరు విదేశీయుల్ని తెచ్చుకునే లీగ్ అయితే బీజింగ్ చేసినట్టు జోడీ కట్టొచ్చు: బయట మార్బరీ, లోపల సెంటర్ రాండాల్ఫ్ మోరిస్. అక్కడ కూడా నాలుగో క్వార్టర్ రాగానే ఒకరు బెంచ్ మీద కూర్చోవాల్సిందే. ఆ ఒకరు ఎవరన్నది ఒప్పందం మీద సంతకం పెట్టించే రోజే తేల్చుకోవాలి, టైమ్‌అవుట్‌లో కాదు.