తోక లేని పిట్టని ఏఐ ఎరగదు

నమస్తే అండీ. పోయిన వారం ఆరో తరగతికి పొడుపు కథలు చెప్పాలి. ఈసారి కార్డులు చేసి పట్టుకెళ్దామని, తెలుగులో పది పొడుపు కథలు ఇమ్మని ఏఐని అడిగాను. అర నిమిషంలో ఇచ్చేసింది. మొదటిదే చూడండి: "నాకు ముఖం ఉంది, చేతులున్నాయి, కాళ్లు లేవు. నేనెవరిని?" జవాబు గడియారమట! గడియారానికి మనం చేతులంటామా? ముళ్లంటాం. ఇంగ్లీషు రిడిల్‌కి పంచె కట్టి పంపించిందన్నమాట.

మన పొడుపు కథ ఎలా ఉంటుంది? "తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది." తో, తొం... నోట్లో ఆ దరువు వినపడుతోందా? జవాబు ఉత్తరం. క్లాసులో అడిగితే వెనక బెంచీ నుంచి ఒకడు "వాట్సాప్ మెసేజ్ సార్" అన్నాడు. తప్పని ఎలా అంటాను చెప్పండి? దానికీ తోక లేదాయె.

అందుకే పద్ధతి మార్చాను. పొడుపు కథలు పిల్లలే ఇంటి నుంచి తేవాలి, అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, ఫోన్లో వాళ్ల గొంతుతోనే రికార్డు చేసుకుని. ఏఐకి బొమ్మల పని ఒక్కటే. అక్కడా జాగ్రత్త! బొమ్మ కింద "ఉత్తరం" అని రాయమంటే నాకొచ్చిన బొమ్మలో త-వత్తు ఎటో ఎగిరిపోయింది. పిల్లలు అదే చూసి రాస్తారు. కాబట్టి అక్షరాలు లేని బొమ్మ గీయించుకుని, మాటలు మీరే టైప్ చేసుకోండి.

టైపింగ్ కూడా యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్లో తెరిచినా అక్షరాలు అక్షరాల్లాగే కనబడే పద్ధతిలోనే. యూనికోడ్ కాని "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన నా వర్క్‌షీట్లు ఫోన్లో తెరిస్తే గజిబిజి గుర్తులు తప్ప ఒక్క అక్షరం కనబడదు, ఆ కష్టమంతా గంగపాలు. మండలి, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వరుసల మధ్య కాస్త ఎక్కువ ఖాళీ వదలండి, లేకపోతే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది.

గిడుగు అంటే గుర్తొచ్చింది. ఆ ఫాంటుకి ఎవరి పేరు పెట్టారో ఆ రామ్మూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులు. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు లేవని, ముందు తను ఆ భాష నేర్చుకున్నారు, తర్వాత పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఇవాళ జేబులో ఫోను పెట్టుకుని "మెటీరియల్ లేదండీ" అనాలంటే నాకే సిగ్గేస్తుంది.

సరే, రికార్డింగుల సంగతి. మొత్తం పద్నాలుగు వచ్చాయి. ఒకదాంట్లో ఒక అవ్వ పొడుపు కథ చెప్పి, జవాబు చెప్పకుండా ఆపేసింది. చివర్లో నవ్వు, ఆ వెనకే ఒక మాట: "ముందు మీ సారుని విప్పమను రా!"

నాలుగు రోజులైంది. ఇంకా విప్పుతూనే ఉన్నాను.