మైపాడు బీచ్ పైనుంచి: కుదుపు లేని డ్రోన్ షాట్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? డల్లాస్ నుంచి వచ్చి ఇంకా నిద్ర సర్దుకోలేదు, అయినా పొద్దు పొడవకముందే నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కి వచ్చేశాం. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. ఇప్పుడైతే ఆకు కదలడం లేదు, ఎండ కూడా ఏటవాలుగా పడుతుంది.

ముందే చెప్పేస్తున్నా, ఈ డ్రోన్ నేను అక్కడి నుంచి తెచ్చింది కాదు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే నిషేధించారు. సూట్‌కేసులో పెట్టుకొస్తే కస్టమ్స్‌లో పోగొట్టుకుంటారు, దయచేసి తేకండి. ఇది మా పిన్ని కొడుకుది. పెళ్లిళ్లకి ఎగరేస్తుంటాడు, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకున్నాకే బయల్దేరాం. అందులో గ్రీన్ జోన్‌గా చూపించిన చోట 400 అడుగుల ఎత్తు వరకు విడిగా పర్మిషన్ అక్కర్లేదు.

ఒకసారి వాడి చేతులు చూడండి. చాలామంది బొటనవేలు ఒక్కటే రిమోట్ స్టిక్ మీద పెడతారు. వీడు చూపుడువేలు కూడా కలిపి, ముగ్గుపిండి పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. స్టిక్ కదులుతోందా లేదా అన్నంత మెల్లగా తోస్తాడు, ఆపేటప్పుడు అంతకన్నా మెల్లగా వదులుతాడు. "ఇంకొంచెం స్పీడ్‌గా పోనీరా" అంటే, "తొందరపెట్టబాకక్కా, గింబల్ గాలి వణుకుని ఆపుద్ది గానీ మన చేతి కుదుపుని ఆపదు" అన్నాడు. గింబల్ అంటే కెమెరాని కదలకుండా పట్టి ఉంచే భాగం. వాడన్నది నూటికి నూరుపాళ్లు నిజం. సినీ మోడ్ పెట్టాడు, అందులో డ్రోన్ నెమ్మదిగా కదులుతుంది.

సెట్టింగులు కూడా చెప్తా. సెకనుకి 25 ఫ్రేములు తీస్తే షట్టర్ స్పీడ్ సెకనులో 1/50 వంతు. వెలుగు ఎక్కువైతే లెన్స్‌కి ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుగుని తగ్గించే ముదురు అద్దం, తగిలించాలి, లేదంటే అలలు గతుకులుగా కనిపిస్తాయి. రంగుల్ని సరిచూసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, షాట్ మధ్యలో ఇసుక రంగు మారిపోతుంది.

ఇదిగో, నేను అడిగిన షాట్ ఇదే. రొయ్యల గుంటల మీదుగా మొదలై, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు చిమ్మే తెల్లటి నురగ దాటుకుంటూ, సరుగుడు తోపు పైకి లేచేసరికి సముద్రం మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది! మా పిల్లలకి అమ్మమ్మ ఊరు ఇలా చూపించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నా. చూస్తుంటే కళ్లు చెమరుస్తున్నాయి నాకు.

గుంటల దగ్గర మాత్రం చాలా జాగ్రత్తండీ. పక్షులు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా రైతులు పైన సన్నటి నైలాన్ దారాలు కడతారు. స్క్రీన్‌లో అస్సలు కనపడవు. రెక్కకి చుట్టుకుంటే డ్రోన్ నేరుగా నీళ్లలోకే. అందుకే ముందు కట్ట మీద నడిచి చూశాం, రైతుని అడిగాకే ఎగరేశాం. గద్ద వెంటపడితే డ్రోన్‌ని వెంటనే పైకి లేపేయాలట, అది అంత నిట్టనిలువుగా ఎక్కలేదు.

గాలి ఉన్నరోజు ముందు ఎదురుగాలికి వెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు బ్యాటరీ కలిసొస్తుంది. దించాక మోటార్ల దగ్గర ఉప్పుతేమ మెత్తటి బట్టతో తుడవడం మర్చిపోవద్దు. వాడు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు.