సీమంతం నాటికి ఆలస్యమైపోయింది! మూడో నెల గుట్టు వెనక అసలు కథ

నమస్తే అండీ. ముందు ఒక లెక్క చూద్దాం. సీమంతం ఎప్పుడు చేస్తాం? ఐదో నెలలోనో, ఏడో నెలలోనో. గాజులు, చలిమిడి, "బరువులెత్తకమ్మా, మెట్లు జాగ్రత్త" అని వచ్చినవాళ్ళందరి సలహాలు. కానీ కడుపులో ఉన్నది మగపిల్లాడైతే, వాడి జననాంగాలకు పునాది పడే పని అప్పటికే అయిపోయి ఉంటుంది. శాస్త్రవేత్తల అంచనా ప్రకారం అది ఎనిమిదో వారం నుంచి పద్నాలుగో వారం దాకా జరుగుతుంది. అంటే దాదాపు మనం "మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దు" అని దాచే రోజులు! ఇంట్లో సగం మందికి తెలియనే తెలియదు. ఆ కడుపుతో ఉన్న పిల్ల ఘాటు వాసన లిక్విడ్ బకెట్లో పోసుకుని హాలంతా తుడుస్తూనే ఉంటుంది.

మళ్ళీ చెప్తున్నా. ఎనిమిది నుంచి పద్నాలుగు వారాలు. రాసుకోండి. సెంట్లలో, ప్లాస్టిక్‌లో ఉండే థాలేట్లనే కెమికల్స్ ఆ పనికి అడ్డుపడతాయా అన్నదే ఇవాళ్టి మాట.

పోయిన వీడియోలో థాలేట్ల గురించి మాట్లాడితే ఒకాయన, "మా అమ్మ అన్నీ వాడింది, నేను శుభ్రంగా ఉన్నా, వ్యూస్ కోసం కడుపుతో ఉన్నవాళ్ళని భయపెడతావా" అన్నారు. అన్నా, మీ అమ్మగారి రోజుల్లో బాత్రూంకో సెంటు, బీరువాకో సెంటు, కారుకో సెంటు ఉండేవా? మీ ఇంట్లో సెంటంటే పెళ్ళికెళ్ళేటప్పుడు జేబురుమాలుకి ఒక చుక్క. అంతేగా?

థాలేట్లంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పీవీసీ ప్లాస్టిక్ మెత్తగా వంగడానికి కొన్ని రకాలు కలుపుతారు. సెంటు వాసన చప్పున ఎగిరిపోకుండా పట్టి ఉంచడానికి డీఈపీ అనే ఇంకో రకం. కడుపుతో ఉన్న ఎలుకలకు వీటిలో కొన్ని రకాలు పెట్టి చూస్తే, పిండంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారీ పడిపోయింది. పుట్టిన మగ పిల్లలకు వృషణాలు కిందికి దిగలేదు, మూత్ర రంధ్రం చివర ఉండాల్సింది కింద ఎక్కడో తెరుచుకుంది. దానికి థాలేట్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేంటి? 2005లో అమెరికాలో షానా స్వాన్ అనే శాస్త్రవేత్త బృందం 85 మంది మగపిల్లల్ని పరీక్షించింది. వాళ్ళ తల్లులు కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చిన మూత్రం దాచి ఉంది. పిల్లల్లో ఏం కొలిచారంటే, మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం. నవ్వకండి! మగపిల్లల్లో ఆ దూరం ఆడపిల్లల్లో కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. కడుపులో మగ హార్మోన్ సరిగ్గా అందిందా లేదా అనేది చెప్పే కొలత అది. తల్లి మూత్రంలో థాలేట్ల ఆనవాళ్ళు ఎక్కువున్న చోట కొడుక్కి ఆ దూరం తక్కువ. ఆ ఆనవాళ్ళలో సెంటు వైపు రకం, డీఈపీది కూడా ఉంది.

85 మంది ఏం సరిపోతారు అంటారు. సరే, 2015లో అదే స్వాన్ బృందం నాలుగు ఊళ్ళలో ఇంకా చాలామందిని చేర్చుకుని, మొదటి మూడు నెలల్లో తీసిన మూత్రంతో చూసింది. మళ్ళీ అదే కథ. ఈసారి పీవీసీలో ఉండే డీఈహెచ్‌పీ అనే థాలేట్‌తో సంబంధం గట్టిగా దొరికింది, సెంటు రకం దొరకలేదు. ఒప్పుకుంటా. అయినా నా అనుమానం సెంటు మీదే, ఎందుకో చెప్తా.

పోయిన ఏడాది మా తోటికోడలికి మూడో నెల. గుంటూరు నుంచి రాజమండ్రి కారులో వెళ్తున్నాం. మా మరిది ఏసీ ముందు కొత్తగా జెల్ డబ్బా ఒకటి తగిలించాడు. "వదినా, వాంతుల వాసన రాకుండా పెట్టా" అంటాడు. ఏలూరు దాటకుండానే ఆ పిల్ల మూడుసార్లు కారాపించింది. నాలుగోసారి డబ్బా పీకి బయటికి విసరబోయింది, నేనే పట్టుకుని డిక్కీలో పడేశా. ఆ తర్వాత రాజమండ్రి దాకా హాయిగా నిద్రపోయింది.

ఇక్కడే నా థియరీ. 2000లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఫ్లాక్స్‌మన్, షెర్మన్ ఒక మాటన్నారు. బిడ్డ అవయవాలు ఏర్పడే సమయంలోనే వేవిళ్ళు ఎక్కువగా ఉంటాయి, హాని చేసే తిండి లోపలికి పోకుండా ఒళ్ళు తనే అడ్డుపడుతోంది అని. వాళ్ళు చెప్పింది తిండి గురించి. నేను సెంటు దాకా లాగుతున్నా, ఇది నా సొంత పైత్యం, అనుకోండి. కానీ వేవిళ్ళ వారాలూ ఆ ఎనిమిది నుంచి పద్నాలుగూ ఒకదాని మీద ఒకటి పడట్లేదా? ఒళ్ళు వద్దు మొర్రో అంటుంటే మనమేం చేస్తున్నాం? వాంతి కంపు కొడుతోందని ఇంకో రెండుసార్లు స్ప్రే కొడుతున్నాం!

పార్లర్లలో పనిచేసే చెల్లెళ్ళూ, ఇది మీకు. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో చేసి 2009లో అచ్చు వేసిన పరిశోధన. పనిలో హెయిర్‌స్ప్రేలు ఎక్కువగా తగిలిన తల్లుల కొడుకుల్లో మూత్ర రంధ్రం లోపం రెండు మూడు రెట్లు కనబడింది. అదే పరిశోధనలో మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ వాడినవాళ్ళలో తగ్గింది కూడా. ఆశా అక్క ఇచ్చే ఆ మాత్ర డబ్బాలో పెట్టి మర్చిపోకండి.

ఆ, ఇంకోటి, టాపిక్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. అమ్మమ్మ ట్రంకుపెట్టెలోంచి తీసే పసిబట్టలు. కలరా ఉండల వాసన గుప్పుమంటుందే, అవి. ఉతికి ఎండలో ఆరేయకుండా బిడ్డకి వేయొద్దు. జీ6పీడీ అనే, ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్న పసికందుకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలి కామెర్లు ముదరొచ్చు.

మళ్ళీ మన గొడవకొద్దాం. పిల్లల బొమ్మల్లో కొన్ని థాలేట్లు 0.1 శాతం దాటకూడదని అమెరికా 2008లో చట్టం చేసింది. మన దగ్గర పాలసీసాల్లో బీపీఏ అనే ఇంకో ప్లాస్టిక్ కెమికల్ ఉండకూడదని బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, ప్రమాణం ఉంది. చాలా సంతోషం. అన్నీ బిడ్డ పుట్టాకే! నోట్లో పెట్టుకునే బొమ్మకి చట్టం, ఆ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తల్లి పీల్చేదానికి మాత్రం లేబుల్ మీద "పర్ఫ్యూమ్" అని ఒక్క మాట. దాని వెనక పదులకొద్దీ కెమికల్స్ ఉండొచ్చు, అడిగితే కంపెనీ రహస్యం.

భయపడి కూర్చోమనట్లేదు. ఈ థాలేట్లు ఒంట్లో ఏళ్ళకొద్దీ ఉండిపోవు, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. ఇవాళ డబ్బా తీసేస్తే ఈ వారమే తేడా. పెళ్ళై పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు టెస్టు పాజిటివ్ వచ్చేదాకా ఆగకండి, ఇప్పుడే తీసేయండి. ఆడో మగో ఎలాగూ మనకి చెప్పరు, చెప్పకూడదు.

ఇప్పుడు లేచి వెళ్ళి మీ బాత్రూంలో సీసా తిప్పి, వెనక ఏం రాశారో కామెంట్లో పెట్టండి. మా ఇంట్లో దాని మీద ఏముందో చెప్పనా? "తాజా మల్లెల పరిమళం". వెనక కూడా అదే.