చైన్ చప్పుడు మారితే: శనివారం సాయంత్రం అరగంట పని

(దృశ్యం: తెల్లవారుజాము. ఖాళీగా ఉన్న ఫ్లైఓవర్. కెమెరా బైక్‌కి ఎడమ పక్క, వెనక చక్రం దగ్గర. పది సెకన్లు మాట లేదు, చప్పుడు మాత్రమే.)

విన్నారా? ఇంజిన్ చప్పుడు కాదు, దాని అడుగున ఇంకొకటి ఉంది. ఫ్లైఓవర్ ఎక్కాక ఎడమ గోడ పక్కన నిదానంగా వెళ్తూ థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్, వదిలేస్తే, మన బైక్ చప్పుడు గోడకు తగిలి మన చెవికే తిరిగి వస్తుంది. చాలా బైకులకు చైన్ ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి ముందు వినపడేది అదే. కింద సిగ్నల్ దగ్గర హారన్లలో కలిసిపోయేది ఇక్కడ విడిగా తెలుస్తుంది. చైన్ బాగుంటే ఒకటే ధారగా, మెత్తగా సాగే చప్పుడు. నూనె ఆరిపోతే గరగర. లూజైతే మధ్యమధ్యలో టక్ టక్.

ఈ మంగళవారం నాకు గరగర వినపడింది. సోమవారం సాయంత్రం వాన, మోకాలి కింద దాకా నీళ్లున్న రోడ్డు మీద ఇంటికి వచ్చాను. మర్నాటికే చప్పుడు మారిపోయింది. అందుకే ఇవాళ చైన్ గురించి మాట్లాడుకుందాం. బైక్‌లో నేను అన్నిటికంటే ఎక్కువగా చేత్తో ముట్టుకునేది దాన్నే.

(దృశ్యం: అపార్ట్‌మెంట్ పార్కింగ్, శనివారం సాయంత్రం. నేల మీద అట్టముక్క, పాత బనీను గుడ్డలు, మెత్తటి బ్రష్, స్కేలు, పానాలు.)

ముందు ఈ వస్తువు ఎలా పనిచేస్తుందో చూద్దాం. 1880లో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజినీరు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో బుష్ రోలర్ చైన్ తయారుచేశాడు. పక్క పలకలు, వాటిని కలిపే పిన్ను, పిన్ను చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం, బుష్ చుట్టూ తిరిగే రోలర్. మన బండికి ఉన్నదీ అదే అమరిక. స్ప్రాకెట్, అంటే చైన్ చుట్టుకునే పళ్ల చక్రం, దాని పన్ను మీద రోలర్ రాసుకోదు, దొర్లుతుంది. ఈ అమరిక అందమంతా అక్కడే ఉంది.

"చైన్ సాగింది" అంటాం కదా. ఇనుము రబ్బరులా సాగలేదు. పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి అరగదీసుకుని ప్రతి లింకు దగ్గరా వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. లింకుకి మిల్లీమీటరులో పదోవంతు చొప్పున వేసుకున్నా వంద లింకులకు పది మిల్లీమీటర్లు. చైన్ అంత పొడవు పెరిగినట్టే.

అరుగుదలకు మన హైదరాబాద్‌లో కావాల్సినంత సరుకు ఉంది. ఏ వైపు వెళ్లినా బిల్డింగులు లేస్తున్నాయి. సిమెంటు, ఇసుక, మట్టి గాలిలోనే ఉంటాయి. నూనెతో తడిగా ఉన్న చైన్‌కి ఆ ఇసుక అంటుకుంటే అదే గరుకు కాగితమైపోతుంది. దానికి తోడు ట్రాఫిక్. అమీర్‌పేట్ నుంచి హైటెక్ సిటీ దాకా ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, క్లచ్చు, మళ్లీ ఫస్ట్ గేరు. క్లచ్చు వదిలిన ప్రతిసారీ చైన్‌కి ఓ కుదుపు. హైవే మీద ఒకే వేగంతో వంద కిలోమీటర్లు వెళ్లిన చైన్ కంటే, ఊళ్లో నలభై కిలోమీటర్లు తిరిగిన చైన్‌నే నేను ముందు చూస్తాను.

(దృశ్యం: చేతులు దగ్గరగా. తాళం చెవి తీసి జేబులో వేసుకోవడం.)

ఇక పని. అన్నిటికంటే ముందు ఇంజిన్ ఆఫ్ చేసి తాళం చెవి తీసేయండి. బండిని గేర్‌లో వేసి, చక్రం దానంతట అదే తిరుగుతుంటే గుడ్డ పట్టుకుని చైన్ తుడిచే వీడియోలు మీరూ చూసే ఉంటారు. దయచేసి అలా చేయకండి. గుడ్డ అంచు చైన్‌లో చిక్కితే వేలు కూడా దాని వెంటే స్ప్రాకెట్‌లోకి పోతుంది. చెయ్యి వెనక్కి లాక్కునే టైమ్ ఉండదు. న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

అలా కాస్త తిరిగొచ్చాక, చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదలుపెడితే జిడ్డు త్వరగా వదులుతుంది. సెంటర్ స్టాండ్ ఉంటే మంచిది. లేకపోతే వెనక చక్రాన్ని ఎత్తి పట్టే విడి స్టాండ్, పాడాక్ స్టాండ్. అదీ లేకపోతే బండిని కాస్త కాస్త ముందుకు జరుపుతూ చేయాలి, ఇంకో పది నిమిషాలు పడుతుంది, అంతే. చైన్ మొత్తం కవర్ లోపలే ఉండే బైకులకు ఆ కవర్‌కి చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది తీసి చూడండి. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తీసి ఉండరు.

మీది ఓ-రింగ్ చైన్ అయితే పలకల మధ్య సన్నటి నల్ల రబ్బరు రింగులు కనపడతాయి. పిన్ను దగ్గరి గ్రీజుని ఫ్యాక్టరీలోనే లోపల పెట్టి ఆ రింగులతో మూసేస్తారు. ఆ గ్రీజు పోతే మళ్లీ మనం పెట్టలేం. అందుకే పెట్రోల్ వద్దు, ఇనుప బ్రష్ అసలే వద్దు, రెండూ రింగుల్ని పాడు చేస్తాయి. చైన్ క్లీనర్ స్ప్రే గానీ కిరోసిన్ గానీ గుడ్డకు తడిపి, మెత్తటి బ్రష్‌తో నాలుగు వైపులా రుద్దండి. నల్లటి ముద్ద ఊడి వచ్చి కింద అసలు ఇనుము రంగు కనపడినప్పుడు కలిగే తృప్తి నాకు ఇప్పటికీ తగ్గలేదు. తర్వాత పొడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

నూనె ఎక్కడ వేయాలి? పైన వేస్తే చక్రం తిరిగే ఊపుకి బయటికి చిమ్మి ప్యాంటు మీద పడుతుంది. చైన్ కింది వరస ఉంది కదా, దానికి లోపలి వైపు, అంటే స్ప్రాకెట్ పళ్లకు తగిలే వైపు వేయండి. అదే ఊపు నూనెను చైన్ గుండా బయటి వైపుకి లాక్కుపోతుంది. చైన్ లూబ్ స్ప్రే ఉంటే సరే. లేదంటే 90 నంబర్ గేర్ ఆయిల్ సిరంజిలో తీసుకుని లింకుకో చుక్క వేయండి. బండి లోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, అందులో ఇనుప రజను ఉంటుంది. టైరు మీద, బ్రేక్ డిస్క్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. నేను మధ్యలో అట్టముక్క అడ్డం పెడతాను. వేశాక రాత్రంతా వదిలేయండి. దాదాపు ఐదొందల కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిస్తే ఆ రాత్రే.

(దృశ్యం: స్కేలు చైన్ పక్కన నిలువుగా. వేలితో చైన్ కిందికి, పైకి.)

ఇప్పుడు స్లాక్. కింది వరస మధ్యలో వేలు పెట్టి చైన్‌ని కిందికి లాగండి, పైకి నెట్టండి. ఆ రెంటి మధ్య దూరమే స్లాక్. చాలా బైకులకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండికి ఎంతో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చెయ్యి) మీది స్టిక్కర్‌లో గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది, అదే లెక్క. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల కొలవండి, చైన్ అన్నిచోట్లా ఒకేలా అరగదు.

మనవాళ్లలో ఎక్కువమందికి చైన్ టైట్‌గా ఉంటే మంచిదని నమ్మకం. నాకూ ఉండేది. రెండేళ్ల కిందట ఓ షెడ్డులో సర్వీసింగ్ అయ్యాక చూస్తే చైన్ వీణ తీగలా బిగిసి ఉంది. సంతోషంగా తెచ్చుకున్నాను. ఆ ఆదివారం మా ఆవిడతో బయల్దేరితే, స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ కింద నుంచి ఓ మూలుగు. నెల తిరిగేసరికి ముందు స్ప్రాకెట్ దగ్గర ఆయిల్ చెమ్మ. గేర్‌బాక్స్ బయటి బేరింగ్ పోయింది, ఇంజిన్ విప్పాల్సి వచ్చింది.

ఎందుకంటే, వెనక మనిషి కూర్చున్నా, గుంతలో పడ్డా బండి బాడీ కిందికి దిగి, దాంతో పోలిస్తే వెనక చక్రం పైకి లేస్తుంది. అలా లేచేటప్పుడు ఒక చోట ముందు స్ప్రాకెట్‌కీ వెనక ఇరుసుకీ మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువవుతుంది. చైన్‌కి ఇచ్చే ఆ కాస్త వదులు అప్పటి కోసమే. అది లేకపోతే చైన్ తెగదు, తన బలమంతా పెట్టి బేరింగ్‌ని లాగుతుంది. అందుకే నేను అడ్జస్ట్ చేశాక మా ఆవిడని కూర్చోబెట్టి, నేనూ కూర్చుని, ఇంకొకరితో ఒకసారి వేలు పెట్టి చూపిస్తాను. అప్పుడు కూడా కొంచెం ఆడాలి.

వెనక ఇరుసుని జరిపి స్లాక్ సరిచేసే అడ్జస్టర్లు రెండు పక్కలా ఒకే గీత మీద ఉండాలి, చివర్లో ఇరుసు నట్టు గట్టిగా బిగించాలి. స్ప్రాకెట్ పళ్లు కొడవలి మొనలా ఒక వైపుకి వంగితే, వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ని వెనక్కి లాగినప్పుడు పన్ను సగం బయటికి కనపడితే, దాని పని అయిపోయినట్టు. చైన్, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపి మార్చండి. అరిగిన పళ్లు కొత్త చైన్‌ని త్వరగా తినేస్తాయి. సెట్టు నేను రాణిగంజ్‌లోనే కొంటాను, పాతది చేత్తో పట్టుకెళ్లి లింకులు లెక్కపెట్టి మరీ తెచ్చుకుంటాను.

(దృశ్యం: ఆదివారం. చేవెళ్ల రోడ్డు, రెండు పక్కలా మర్రి చెట్లు.)

ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, అందులో ప్రధాన రోడ్డు మీదికి మన టూవీలర్లను రానివ్వరు. నాకు దాని మీద బెంగ లేదు. అప్పా జంక్షన్ దాటితే పాత బీజాపూర్ రోడ్డు ఉంది. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, ఆ మీద వికారాబాద్, అనంతగిరి కొండలు. ఈ దారి పక్కన మర్రి చెట్లు వందల్లో ఉన్నాయి. తెల్లారి ఆరింటికి వాటి కింద చలి వేరేగా ఉంటుంది, హెల్మెట్ అద్దం కాస్త పైకి ఎత్తుకుంటాను. అనంతగిరిలో మూసీ పుట్టిన చోటు దగ్గర బండి ఆపి ఇంజిన్ కట్టేస్తే, చల్లారుతున్న సైలెన్సర్ టిక్ టిక్‌మంటుంది.

ఘాట్ మలుపుల్లోనే నిన్నటి అరగంట పని తెలిసొస్తుంది. మలుపు మధ్యలో థ్రాటిల్ కొంచెం తెరిస్తే, లూజు చైన్ ముందు ఓ కుదుపు ఇచ్చి తర్వాత లాగుతుంది. వంగి ఉన్న బండికి ఆ కుదుపు మంచిది కాదు. సరిగా ఉన్న చైన్‌తో మణికట్టు ఎంత తిప్పితే చక్రం అంతే కదులుతుంది. నాకు మోటార్‌సైకిల్ మీద ప్రేమ పుట్టింది ఈ ఒక్క అనుభవంతోనే.

(దృశ్యం: మళ్లీ పార్కింగ్. సాయంత్రం.)

తిరిగొచ్చేసరికి మా కింది ఫ్లోర్ కుర్రాడు నిలబడి ఉన్నాడు. డెలివరీ పని చేస్తాడు, పొద్దున్నుంచి రాత్రి దాకా బండి మీదే. వాడి చైన్ తుప్పు పట్టి ఇటుక రంగులో ఉంది. "అన్నా, గేరు మారిస్తే తన్నుతోంది, ఓసారి చూస్తావా?" అన్నాడు. నేను చూడలేదు. స్కేలు వాడి చేతికే ఇచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టి పైకి, కిందికి ఆడించాడు.

"యాభై ఉందన్నా. ఎంతుండాలి?"

"నన్నడక్కు. స్వింగ్ ఆర్మ్ తుడిచి చూడు."

బొటనవేలితో రుద్దాడు. ఎండిన బురద పెచ్చుగా ఊడింది. కింద స్టిక్కర్, దాని మీద అంకె.