పేగు ఆపరేషన్ తర్వాత ఒంట్లో నీరు తీసే మందు ఎవరికి?

వ్యాఖ్యాత: పెద్దపేగు ఆపరేషన్ అయిన మూడో రోజున తన తండ్రికి కాళ్లు వాచి, పొట్ట ఉబ్బితే లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చారని, పేగుకు ఆపరేషన్ చేసి మూత్రం ఎక్కువయ్యే మందు ఎందుకిచ్చారని ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు. మీరేమంటారు మేడమ్?

శస్త్రవైద్యురాలు: ఆమె అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఒక లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు శరీరం ఉప్పునూ నీటినీ సులభంగా వదలదు కనుక, మోతాదు మించి ఎక్కించిన సెలైన్ కాళ్లలోనే కాక, మన కంటికి కనబడని పేగు గోడలోనూ చేరుతుంది. వాచిన పేగు మందగిస్తుంది. నాటింగ్‌హామ్ వైద్యులు 2002లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఉన్నది 20 మంది రోగులే అయినా, ఉప్పూ నీరూ ఎక్కువగా అందినవారి బరువు సుమారు 3 కిలోలు పెరగడం, జీర్ణాశయం ఖాళీ కావడానికి ఎక్కువ సమయం పట్టడం స్పష్టంగా కనిపించాయి. ఆ అదనపు నీటిని తీయడానికే లాసిక్స్ ఇస్తాము.

వ్యాఖ్యాత: అంటే, అది పేగు త్వరగా కోలుకోవడానికి ఇచ్చే మందేనా?

మూత్రపిండాల వైద్యుడు: కాదండీ, ఆ అభిప్రాయం ప్రమాదకరం. లాసిక్స్ మూత్రపిండంలో ఉప్పు తిరిగి రక్తంలోకి వెళ్లకుండా ఆపుతుంది. ఉప్పు వెంట నీరూ, పొటాషియమూ పోతాయి. పొటాషియం తగ్గితే పేగు కండరం బలహీనపడి, ఏ పొట్ట ఉబ్బరం తగ్గాలని మందు ఇచ్చామో అదే పెరగవచ్చు. పైగా కాళ్లు వాచినంత మాత్రాన రక్తనాళాల్లో నీరు ఎక్కువగా ఉందని చెప్పలేము. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినా, పేగు కుట్టు దగ్గర లీకై ఇన్ఫెక్షన్ వచ్చినా వాపు రావచ్చు. బీపీ పడిపోయి, మూత్రం తగ్గిన రోగికి మూత్రం రావాలని లాసిక్స్ ఇవ్వడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. ముందు రక్తస్రావం ఉందేమో చూడాలి.

వ్యాఖ్యాత: మొదటి నుంచే సెలైన్ బాగా తగ్గిస్తే సరిపోదా?

శస్త్రవైద్యురాలు: మితిమీరి తగ్గించినా నష్టమే. పెద్ద పొట్ట ఆపరేషన్లు చేయించుకున్న సుమారు 3,000 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, ద్రవాలు బాగా తగ్గించినవారిలో 8.6 శాతం మందికి, మామూలుగా ఇచ్చినవారిలో 5 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అందుకే నేను రోజూ ఉదయం రోగిని తూయించి, ఆపరేషన్‌కు ముందున్న బరువుతో పోల్చి చూస్తాను. బరువు రెండు మూడు కిలోలు పెరిగి, బీపీ నిలకడగా ఉండి, నోటితో నీళ్లు తాగగలుగుతుంటే ముందు సెలైన్ ఆపుతాను. చాలామందికి ఆ తర్వాత మూత్రం దానంతటదే పెరుగుతుంది. ఆయాసం ఉన్నా, గుండె జబ్బు ఉన్నా లాసిక్స్ గురించి ఆలోచిస్తాను.

మూత్రపిండాల వైద్యుడు: ఆ అమ్మాయి తండ్రి బరువు ఎంత పెరిగిందో, పొటాషియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంత ఉన్నాయో వైద్యులను అడగవచ్చు. డిశ్చార్జి చీటీలోనూ లాసిక్స్ మాత్ర ఉంటే ఎన్ని రోజులు వాడాలో, రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడో రాయించుకోవాలి. మలం బయటికి రావడానికి పొట్టపై సంచి పెట్టినవారికి అందులోంచి నీళ్లగా ఎక్కువ పోతుంటే, తర్వాతి మాత్ర వేయకముందే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.